శోథ: లక్షణం నుండి ప్రక్రియ దాకా – వైద్య పరిభాషపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇన్‌ఫ్లమేషన్ అనే వైద్యభావనకు తెలుగులో వాపు, మంట, శోథ అనే మాటలు వాడుకలో ఉన్నాయి. మొదటి రెండూ ఒక్కో లక్షణాన్ని చెప్పేవి. ఆధునిక కణజీవశాస్త్రం చెప్పేది మాత్రం మొదలు, నడిమి, ముగింపు ఉన్న ఒక ప్రక్రియను. ఈ అంతరం అనువాదకుని ఇబ్బందిగానే మిగిలిపోదు; రోగి మందు వాడే తీరును కూడా ప్రభావితం చేస్తుంది. శోథను గురించిన అవగాహన ఎదిగిన క్రమాన్ని, కణాల స్థాయిలో దాని నడకను, చికిత్సలో దాని పర్యవసానాలను, ముఖ్యంగా కీళ్లవాతం సందర్భంలో, ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: శోథ, వాపు, వైద్య పరిభాష, తెల్ల రక్తకణాలు, స్టెరాయిడ్లు, కీళ్లవాతం, మెథోట్రెక్సేట్, యల్లాప్రగడ సుబ్బారావు.

1. ఉపోద్ఘాతం

వేలికి ముల్లు గుచ్చుకుని లోపలే విరిగితే, మరునాటికి ఆ చోటు కందుతుంది, వాస్తుంది, సెగ కొడుతుంది, సలుపుతుంది. ఈ నాలుగు క్రియలూ అచ్చ తెలుగువి. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ లాటిన్‌లో పేర్కొన్న నాలుగు లక్షణాలు కూడా ఇవే: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ వ్యాధిశాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో వీటికి ఐదోదాన్ని చేర్చారు. అది ఆ అవయవం తన పని తాను చేయలేకపోవడం. వాచిన వేలు ముడవడానికి రాదు.

సుశ్రుత సంహిత ఇదే విషయాన్ని మరో వైపు నుండి చూసింది. వ్రణశోథను ఆమం, పచ్యమానం, పక్వం అని మూడు దశలుగా విభజించింది. శస్త్రవైద్యునికి లక్షణాల జాబితా కన్నా దశను గుర్తించడమే ముఖ్యం. పక్వం కాని గడ్డను కోసినా, పక్వమైనదాన్ని కోయకుండా వదిలినా ప్రమాదమే. తెలుగువారు ఇప్పటికీ గడ్డ ‘పండింది’ అనే అంటారు. ఆ క్రియలో కాలక్రమం ఉంది, పరిణామం ఉంది. ‘వాపు’ అనే నామవాచకంలో ఆ రెండూ లేవు. ఈ వ్యాసానికి ఆధారమైన పరిశీలన ఇదే.

2. పేరులో ఏ లక్షణం నిలిచింది?

ఒకే ప్రక్రియకు పేరు పెట్టేటప్పుడు ఒక్కో భాష ఒక్కో లక్షణాన్ని పట్టుకుంది. లాటిన్ మూలం నుండి వచ్చిన ఇన్‌ఫ్లమేషన్ అనే మాటలో ఉన్నది జ్వాల. సంస్కృత శోథ, శోఫ శబ్దాల్లో ఉన్నది ఉబ్బడం. బెంగాలీలో వాడే ‘ప్రదాహ’, తమిళంలో వాడే ‘అళర్చి’ నిప్పు వైపు మొగ్గాయి. హిందీ పరిభాష ‘శోథ్’ను తీసుకుంది. కన్నడంలోని ‘ఉరియూత’ వీటన్నిటికన్నా చమత్కారమైనది. ఉరి అంటే మంట, ఊత అంటే వాపు. రెండు లక్షణాలు ఒకే సమాసంలో ఒదిగాయి.

తెలుగులో ఇలాంటి సమాసం స్థిరపడలేదు. పత్రికల్లోని ఆరోగ్య శీర్షికలు ‘వాపు’ అంటాయి, కొన్నిసార్లు ‘అంతర్గత మంట’ అంటాయి, పాఠ్యగ్రంథ శైలిలో రాసేవారు ‘శోథ’ అంటారు. వీటిలో ‘మంట’తో వచ్చే చిక్కు స్పష్టమే. కడుపులో మంట ఆమ్లం వల్ల, కళ్లమంట పొగ వల్ల, ఇక కడుపుమంట పొరుగువాని ఐశ్వర్యం వల్ల కూడా కలగవచ్చు. ‘దీర్ఘకాలిక అంతర్గత మంట గుండెజబ్బుకు కారణం’ అనే వాక్యాన్ని ఈర్ష్యాళువులకు హెచ్చరికగా చదువుకునే పాఠకుణ్ణి తప్పుపట్టలేం.

‘వాపు’తో వచ్చే చిక్కు ఇంతకన్నా లోతైనది. గుండె బలహీనపడినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా పాదాలు వాస్తాయి. అక్కడ కణజాలంలో నీరు చేరుతుంది తప్ప శోథ ఉండనవసరం లేదు. మరోవైపు గుండె రక్తనాళపు గోడలో ఏళ్ల తరబడి శోథ సాగుతున్నా పైకి కనిపించే వాపు ఉండదు. మెదడువాపు అనే మాట తెలుగునాట అందరికీ తెలిసినదే అయినా, అది మెదడు ఉబ్బడాన్ని స్ఫురింపజేసినంతగా మెదడు కణజాలంలో వైరస్ వల్ల రేగిన శోథను స్ఫురింపజేయదు. అందుచేత ఈ వ్యాసంలో లక్షణాన్ని చెప్పేటప్పుడు వాపు అనీ, ప్రక్రియను చెప్పేటప్పుడు శోథ అనీ వాడుక. ‘సెగవాపు’ వంటి కొత్త సమాసాన్ని కన్నడం బాటలో కల్పించవచ్చు గాని, సెగ అనే మాటకు పాత వైద్యవాడుకలో సుఖవ్యాధి అనే అర్థం కూడా ఉంది. ఆ నీడ దానిమీద పడక మానదు.

3. కణాల స్థాయిలో

ముల్లు విరిగిన వేలినే మళ్లీ తీసుకోవచ్చు. చర్మం కింది కణజాలంలో మాక్రోఫేజ్‌లనే భక్షక కణాలు, మాస్ట్ కణాలు ముందే కాపు ఉంటాయి. ముల్లుతో పాటు లోపలికి వచ్చిన బాక్టీరియా పైపొరలోని అణువులను ఇవి తమ గ్రాహకాలతో పోల్చుకుంటాయి. సూక్ష్మజీవుల్లో విస్తృతంగా ఉండి మన దేహంలో లేని ఆకృతులను గుర్తుపట్టే ఈ ఏర్పాటును వెలికితీసిన కృషికి జూల్స్ హాఫ్‌మన్, బ్రూస్ బ్యూట్లర్ 2011లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. గుర్తించిన మరుక్షణం మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను విడుదల చేస్తాయి. మాక్రోఫేజ్‌లు సైటోకైన్లనే సందేశ ప్రోటీన్లను స్రవిస్తాయి.

ఇక్కడి నుండి సెల్సస్ లక్షణాలు ఒక్కొక్కటిగా అర్థమవుతాయి. హిస్టమిన్ ప్రభావంతో సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి. ఆ చోటికి రక్తం ఎక్కువగా వస్తుంది కనుక చర్మం కందుతుంది, వేడెక్కుతుంది. నాళపు గోడలోని కణాల మధ్య సందులు విచ్చుకుని ప్లాస్మా ద్రవం బయటికి ఊరుతుంది, అదే వాపు. బ్రాడికైనిన్, ప్రోస్టాగ్లాండిన్ వంటి రసాయనాలు నాడుల కొనలను సున్నితం చేస్తాయి, అదే సలుపు. అంటే మనం జబ్బు అనుకునే నాలుగు లక్షణాలూ అసలు పనికి జరిగే సన్నాహాలు. అసలు పని ఆ నాళంలోంచి తెల్ల రక్తకణాలు బయటికి రావడం.

ఈ ప్రయాణాన్ని కళ్లారా చూసి రాసినవారు విర్కో శిష్యుడు యూలియస్ కోన్‌హైమ్. 1867లో ఆయన కప్ప దేహంలోని పలుచని పొరను సూక్ష్మదర్శిని కింద పరిచి, రక్తనాళపు గోడను ఒరుసుకుంటూ కదిలే తెల్లకణాలు క్రమంగా ఆగి, గోడలోంచి దూరి అవతలికి చేరడాన్ని గమనించారు. చీములోని కణాలు పుండులోనే పుడతాయా, రక్తం నుండి వస్తాయా అనే వాదాన్ని ఆ పరిశీలన మలుపు తిప్పింది. ఆయన చూసిన ‘ఒరుసుకోవడం’ వెనుక ఉన్న అణువులు ఇరవయ్యో శతాబ్దం చివరిభాగంలో తెలిశాయి. సైటోకైన్ల సందేశం అందుకున్న నాళపు లోగోడ సెలెక్టిన్లనే జిగురు అణువులను బయటికి తెస్తుంది. వేగంగా పోయే న్యూట్రోఫిల్‌లు వాటికి తగులుకుని దొర్లుతాయి. తరువాత ఇంటెగ్రిన్లనే మరింత గట్టి పట్టుతో నిలిచిపోతాయి. ఆపైన సందు చూసుకుని గోడ దాటుతాయి.

దాటి వెళ్లి ఏం చేస్తాయి? దీనికి తొలి సమాధానం రష్యన్ జంతుశాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ నుండి వచ్చింది. 1882లో సిసిలీ ద్వీపంలోని మెస్సినాలో ఆయన పారదర్శకమైన నక్షత్రచేప డింభకాల్లోకి చిన్న ముల్లు గుచ్చారు. మర్నాడు చూస్తే సంచార కణాలు ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. ఆ జీవికి రక్తనాళాలే లేవు. కందడం, సెగ వంటివాటికి అక్కడ తావు లేదు. అయినా భక్షణ జరిగింది. రక్తనాళాల మార్పే శోథకు సారం అనుకుంటున్న కాలంలో, సారం భక్షక కణాల్లో ఉందనీ, శోథ జీవి ఆత్మరక్షణ చర్య అనీ మెచ్నికోవ్ వాదించారు. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు.

న్యూట్రోఫిల్‌లు బాక్టీరియాను మింగి, లోపల ఎంజైములతోను, చురుకైన ఆక్సిజన్ రసాయనాలతోను చంపుతాయి. ఆ రసాయనాలు బయటికి పొర్లితే స్వంత కణజాలం కూడా దెబ్బతింటుంది. అందుకే వాటి ఆయువు కొద్దికాలమే. చీములో కనిపించేది చాలావరకు చచ్చిన న్యూట్రోఫిల్‌ల రాశి.

ఇక ముగింపు. చాలాకాలం శోథ ముగియడాన్ని కట్టెలు అయిపోయిన పొయ్యి ఆరిపోవడంలాగే ఊహించారు. తెలుగులో ఆరడం, ఆర్పడం అని రెండు క్రియలున్నాయి; ఇక్కడ జరిగేది రెండోది. పని ముగించిన న్యూట్రోఫిల్‌లు తమను తాము క్రమబద్ధంగా అంతం చేసుకుంటాయి. మాక్రోఫేజ్‌లు వాటిని మింగుతాయి, మింగిన తరువాత స్వభావం మార్చుకుంటాయి, ఇంతవరకు రెచ్చగొట్టే సైటోకైన్లను స్రవించినవి ఇప్పుడు శాంతింపజేసేవాటిని, కణజాలాన్ని బాగుచేసేవాటిని స్రవిస్తాయి. కొవ్వు ఆమ్లాల నుండి తయారయ్యే రిజాల్విన్లనే అణువులు కొత్త న్యూట్రోఫిల్‌ల రాకను ఆపుతాయి. అమెరికన్ శాస్త్రవేత్త చార్లెస్ సెర్హాన్, సహపరిశోధకులు ఈ అణువులను గుర్తించి పెట్టిన పేరు అది. శోథను మొదలుపెట్టడం ఎంత పనో, ముగించడం కూడా దేహానికి అంత పనే.

4. ముగియని శోథ

ముల్లు బయటికి రాకపోతే, లేదా దేహం తన కణజాలాన్నే పరాయిదిగా పొరబడితే, ముగింపు ఘట్టం రాదు. న్యూట్రోఫిల్‌ల స్థానంలో మాక్రోఫేజ్‌లు, లింఫోసైట్లు తిష్ఠ వేస్తాయి. విధ్వంసం, మరమ్మత్తు పక్కపక్కనే సాగి మచ్చకణజాలం పేరుకుంటుంది.

వాపును చూసి బలుపు అనుకోవద్దని తెలుగు సామెత. పరిశోధన ఈ సామెతకు ఒక విచిత్రమైన మెలిక పెట్టింది. 1993లో స్థూలకాయం ఉన్న ఎలుకల కొవ్వు కణజాలంలో టీఎన్ఎఫ్ అనే శోథకారక సైటోకైన్ అధికంగా తయారవుతోందనీ, ఇన్సులిన్ పని చేయకపోవడానికి దానితో సంబంధం ఉందనీ హోటమిస్లిగిల్ బృందం చూపింది. 2003లో ఆ కొవ్వులోకి మాక్రోఫేజ్‌లు చేరుతున్నాయని తేలింది. బలుపు అనుకున్నదానిలోనే శోథ ఉంది. పైకి కందడం లేదు, సెగ లేదు, సలుపు లేదు. లక్షణాన్ని బట్టి పెట్టిన ఏ పేరూ దీనికి అతకదు.

ఇదే టీఎన్ఎఫ్ రక్షకపాత్రలోనూ కనిపిస్తుంది. ఊపిరితిత్తుల్లోకి వచ్చిన క్షయ బాక్టీరియాను దేహం అనేకసార్లు చంపలేక, మాక్రోఫేజ్‌ల గుంపుతో చుట్టూ కోట కట్టి బంధిస్తుంది. ఆ కోట కూలకుండా నిలవడానికి టీఎన్ఎఫ్ అవసరం. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ నాయకత్వంలో 1992లో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ రోగులకు టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ప్రతిదేహాన్ని తొలిసారి ఇచ్చినప్పుడు కీళ్ల శోథ గణనీయంగా తగ్గింది. ఆ తరహా మందుల వాడకం పెరిగాక, కొందరు రోగుల్లో నిద్రాణంగా ఉన్న క్షయ తిరగబెట్టింది. క్షయ విస్తృతంగా ఉన్న మన దేశంలో ఈ మందు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ సంక్రమణ పరీక్ష చేయించడం అందువల్లనే. ‘వాపు తగ్గించే మందుకు ఊపిరితిత్తుల పరీక్ష ఎందుకు?’ అని రోగి అడిగితే ‘వాపు’ అనే మాటలో జవాబు దొరకదు.

5. అణచడానికి వేళ

అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ 1948 సెప్టెంబరులో కీళ్లవ్యాధితో కదలలేని ఒక రోగికి కార్టిసోన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్, తాడియస్ రైక్‌స్టైన్‌లకు నోబెల్ వచ్చింది. అదే కాలంలో ముఖం ఉబ్బడం, ఎముకలు బోలుబారడం, చక్కెర పెరగడం, అంటురోగాలు సోకడం కూడా బయటపడ్డాయి. స్టెరాయిడ్లు శోథలోని ఏదో ఒక్క మెట్టును కాక అనేక మెట్లను ఒకేసారి అణచివేస్తాయి. వాటి మహిమ, ముప్పు రెండూ అక్కడివే.

సుశ్రుతుడు శస్త్రం విషయంలో చెప్పిన దశాభేదం స్టెరాయిడ్ విషయంలో ఎంత వాస్తవమో 2020లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన రికవరీ పరీక్ష చూపింది. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవారికి రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్‌ను గరిష్ఠంగా 10 రోజులు ఇచ్చారు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో 28 రోజుల లోపు మరణాలు సాధారణ చికిత్సలో 41.4 శాతం కాగా, ఈ మందుతో 29.3 శాతం. ఆక్సిజన్ మీద ఉన్నవారిలో 26.2 శాతం 23.3కు తగ్గింది. ఆక్సిజన్ అవసరం లేనివారిలో మేలు ఏమీ కనిపించలేదు. మరణాల శాతం 14కు బదులు 17.8గా నమోదైంది. ఆ చివరి తేడా గణాంకపరంగా నిర్ధారణ అయ్యేంతది కాకపోయినా, హెచ్చరికగా తీసుకోవలసినదే. మందు ఒకటే, జబ్బు ఒకటే, మారింది దశ. తొలిరోజుల్లో వైరస్‌ను ఎదుర్కొంటున్న శోథను అణిస్తే శత్రువుకు దారి ఇచ్చినట్టవుతుంది. తరువాతి రోజుల్లో ఊపిరితిత్తులను ముంచేస్తున్న శోథను అణిస్తే ప్రాణం నిలుస్తుంది.

2021 వేసవిలో తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతటా బ్లాక్ ఫంగస్ కేసులు వచ్చినప్పుడు, అదుపులో లేని మధుమేహంతో పాటు స్టెరాయిడ్ల మితిమీరిన వాడకాన్ని వైద్యులు ప్రధాన కారణాలుగా గుర్తించారు. ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న తేలికపాటి రోగులు సైతం చేతికి అందిన చీటీని చూసి స్టెరాయిడ్ మాత్రలు మింగారు. మాత్ర పేరు ఊరూరా పాకింది. వేళ మాత్రం పాకలేదు.

6. కీళ్లవాతం అనే మాట

పరిభాష నేరుగా రోగి చేతిని తాకే చోటు ఇదే. వృద్ధాప్యంలో మోకాళ్ల మృదులాస్థి అరగడాన్నీ, యూరిక్ ఆమ్లపు స్ఫటికాల వల్ల కాలి బొటనవేలి కీలు రాత్రికి రాత్రే ఎర్రబడి వాయడాన్నీ, రోగనిరోధక వ్యవస్థే కీళ్ల పొరపై దాడి చేసే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌నూ జనవ్యవహారం వాతం అనే ఒక్క గొడుగు కింద చేర్చింది. చివరిదాని తీరు వేరు. తరచుగా చేతివేళ్ల చిన్న కీళ్లతో, రెండు చేతులకూ ఒకేసారి మొదలవుతుంది. పొద్దున్న లేవగానే వేళ్లు పట్టేసినట్టుండి, సడలడానికి అరగంటకు పైగా, ఒక్కోసారి గంటకు పైగా పడుతుంది. శోథ ఆగకపోతే మృదులాస్థి, దాని కింది ఎముక కరిగి వేళ్లు వంకరపోతాయి. ఆ వంకరను తరువాత ఏ మాత్రా సరిచేయదు.

నొప్పిమాత్రల పరిమితి ఇక్కడే తెలుస్తుంది. ఆస్పిరిన్ వర్గపు మందులు ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపుతాయని జాన్ వేన్ 1971లో నిరూపించారు. కాబట్టి సలుపు తగ్గుతుంది, వాపు కొంత తగ్గుతుంది. ఎముకను తొలిచే ప్రక్రియ మాత్రం సాగుతూనే ఉంటుంది. నొప్పి లేదు కనుక జబ్బు లేదనుకుని మందుల దుకాణం మాత్రలతో నెట్టుకొచ్చిన రెండేళ్లు, కీళ్ల దృష్ట్యా తిరిగిరాని రెండేళ్లు. ఏం కలిసిందో చెప్పకుండా అమ్మే వాతపు పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండడం మరొక ఉచ్చు. నాలుగు రోజుల్లో నడిపించే పొడిని నమ్మకపోవడం రోగికి కష్టమే.

ప్రక్రియనే మందగింపజేసే మందుల్లో ఈనాటికీ ముందువరుసలో ఉన్నది మెథోట్రెక్సేట్. దీని వంశవృక్షం భీమవరం దాకా వస్తుంది. 1895లో అక్కడ జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లె ప్రయోగశాలల్లో నడిపిన పరిశోధక బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. తరువాత ఆ విటమిన్‌ను పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అణువులను తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ బాస్టన్‌లో పిల్లల రక్తకాన్సర్‌కు చేసిన చికిత్స ఫలితాలు 1948లో వెలువడ్డాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు మరణించారు. దాని సోదర అణువే మెథోట్రెక్సేట్. 1951లో అమినాప్టెరిన్ కీళ్లవ్యాధిలోనూ, సోరియాసిస్‌లోనూ పనిచేస్తోందని గబ్నర్ బృందం ప్రకటించినా, కార్టిసోన్ వెలుగులో ఆ సంగతి మరుగున పడింది. మెథోట్రెక్సేట్‌పై నియంత్రిత పరీక్షలు 1980లలో గాని రాలేదు. అమెరికాలో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కు అనుమతి లభించింది 1988లో.

కాన్సర్‌కు పెద్ద మోతాదులో కణవిభజనను ఆపే ఈ మందు, కీళ్లకు వాడే చిన్న మోతాదులో వేరే దారిన పనిచేస్తుంది. కణజాలంలో అడినోసిన్ పెరిగేలా చేసి శోథను శాంతింపజేయడం అందులో ముఖ్యమైనది. ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది. నోటిపూత, వికారం వంటి ఇబ్బందులు తగ్గడానికి తోడుగా ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. సుబ్బారావు బృందం కట్టిన విటమిన్, ఆ విటమిన్‌కు అదే బృందం కట్టిన ప్రత్యర్థి వంశం ఒకే మందుల చీటీలో పక్కపక్కన కూర్చుంటాయి.

ఈ మాత్రను కీళ్లకు వారంలో ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ఎముకమజ్జ కణాల తయారీ పడిపోతుంది, నోరంతా పుండ్లు పడతాయి, ప్రాణం పోవచ్చు. ప్రపంచవ్యాప్తంగా ఔషధభద్రతా హెచ్చరికల్లో పదేపదే కనిపించే పొరపాటు ఇది. బీపీ మాత్ర, షుగరు మాత్ర రోజూ వేసుకునే ఇంట్లో మరో మాత్ర కూడా రోజువారీ డబ్బాలోకే చేరడం సహజం. పైగా వాపును వాపుగానే చూసే మనసుకు, నిన్న తగ్గని వాపుకు ఈరోజు మరో మాత్ర వేయడం తర్కబద్ధంగానే తోస్తుంది. వారాల మీద నెమ్మదిగా దారికి వచ్చే ప్రక్రియగా దాన్ని విన్న రోగికి ఆ తొందర ఉండదు.

చీటీ మీది ఇంగ్లీషు సంక్షేపాక్షరాలు ఈ తేడాను చెప్పలేవు. ‘వారానికోసారి’ అనడం కన్నా ఒక వారం పేరు ఎంచుకుని రాయడం క్షేమమని ఔషధభద్రతా నిపుణుల సూచన. తెలుగులో ఆ వాక్యం పెద్దదేమీ కాదు: ‘ఈ మాత్రలు ఆదివారం మాత్రమే, మిగతా ఆరు రోజులూ వేసుకోకూడదు. ఇవి నొప్పిమాత్రలు కావు, నొప్పి ఎక్కువైనా అదనంగా వేసుకోవద్దు. ఫోలిక్ ఆమ్లం మాత్ర మంగళవారం.’ చదువు రాని రోగి అయితే, ఆ ఇంట్లో చదవగలిగినవారి చేత ఒకసారి పైకి చదివించి, ఏ రోజున వేసుకోవాలో రోగి నోటనే చెప్పించుకోవడానికి నిమిషం పడుతుంది.